చెట్ల వరుసలోని బండి

పూజ్యురాలైన వెర్నా అక్కయ్యకు, తమ్ముడు ఆర్విల్ నమస్కరించి వ్రాయు సంగతులు.

ఇక్కడ నేనూ, నీ మరదలు లొరెట్టా ఆరోగ్యంగానే ఉన్నాము. మొన్నటి వడగళ్ళకు తూర్పు చేలో గోధుమ కొంత నేలకు వాలింది గాని, ఇంటికి ఏమీ కాలేదు. నీ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందనీ, అరిజోనా ఎండ నీకు పడుతున్నదనీ తెలిసి ఇద్దరమూ సంతోషించాము.

నీవు అడిగినవాటికి ఒక్కొక్కటిగా సమాధానం వ్రాస్తాను. నాన్నగారి పికప్పుకు వేయించిన రంగు నీకు గుర్తున్న ఆకుపచ్చే; తలుపు సందులో మిగిలిన పాత రంగుతో సరిచూసి కలిపించాను. హారను మోగుతున్నది, జలుబు చేసిన గొంతుతో. విద్యుత్తు ఏర్పాటును పన్నెండు వోల్టులకు మార్చి ఉంటానని నీ అనుమానం. మార్చలేదు. నలభై తొమ్మిదిలో ఆ బండి కర్మాగారం నుండి ఆరు వోల్టులతో వచ్చింది. అలాగే ఉంచుతానని నీకు మాట ఇచ్చాను. దీపాలు వెలుగుతున్నాయా అన్న ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి నా కలం ఆగుతున్నది. కాస్త వెనుకనుండి చెప్పనివ్వు.

అంత పాత బండికి రేకులు, అద్దాలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనివి ఆరు వోల్టుల సామానే. గుడ్డ చుట్టిన తీగలను ఎలుకలు కొరికివేయగా కొత్తవి అల్లించాను. బ్యాటరీ చార్జింగును అదుపు చేసే పెట్టెను మెర్ల్ టాకెట్ వెతికి తెచ్చాడు. ఈ మెర్ల్ ఒకప్పుడు నా తరగతిలో చివరి బల్లవాడు. ఇప్పుడు పాత ఇనుము, బండి భాగాలు సేకరించి అమ్ముకొని బ్రతుకుతున్నాడు. చివరకు దీపాల స్విచ్చి ఒక్కటే మిగిలింది. కేటలాగు చూసి తెప్పించిన కొత్తది డాష్‌బోర్డు రంధ్రంలో పట్టలేదు. పాత సామాను సంతలో చూసినవాటన్నిటిలోనూ లోపలి తీగచుట్ట మాడిపోయి ఉన్నది.

“ఇవి అంగళ్ళలో దొరకవు మాస్టారూ. ఎవరో ఒకరి చెట్ల వరుసలో ఉంటాయి. నన్ను అడిగి పెట్టమంటారా?” అన్నాడు మెర్ల్.

నేనే చూసుకుంటానన్నాను.

గాలికి అడ్డుగా నాటిన చెట్ల వెనుకకు మన రైతులు పనికిరాని బండ్లను తోసివేయడం, ఎవరు వచ్చి ఏ భాగం అడిగినా కాదనకపోవడం నీవెరిగినదే. అయితే అడగాలి. వంటింటి తలుపు తట్టి, పెట్టిన కేకు తిని, కాఫీ త్రాగి, వాన గురించి మాట్లాడి, అప్పుడు అడగాలి. అది లేకుండా తుప్పు పట్టిన మేకునైనా ఎవరూ ముట్టరు.

మన బండికి జోడైన బండి లీలండ్ కూల్‌మన్ చెట్ల వరుసలో ఉన్నది. నేను పాఠాలు చెప్పిన మన ఊరి బడిని మూసివేయాలని సభలో చెయ్యెత్తిన నాటి నుండి ఆ లీలండ్‌తో నాకు మాటలు లేవు. అతని వంటింట్లో కూర్చుని స్విచ్చి ఇమ్మని అడగడానికి నాకు మనస్కరించలేదు.

ఇంతవరకు వ్రాసి, లేచి పెరట్లోకి వెళ్ళి వచ్చాను. ఇక దాచను. ఆ స్విచ్చిని సంతలో కొన్నానని పోయిన ఉత్తరంలో నీకు వ్రాసినది అబద్ధం. ఒక ఆదివారం లీలండ్ కుటుంబమంతా చర్చిలో ఉన్న వేళ, గొంతు నొప్పి అని లొరెట్టాను ఒంటరిగా ప్రార్థనకు పంపి, పొలం గట్టున నడిచి వెళ్ళి, తీగలు కత్తిరించి, స్విచ్చిని జేబులో వేసుకొని వచ్చాను. ఆ బండి చుట్టూ గడ్డి కోసి ఉన్నది. టైర్లలో గాలి ఉన్నది. రెండూ చూశాను. అది పారవేసిన బండి కాదని నా బుద్ధికి తెలుసు. నా చేతులు ఆగలేదు.

దీపాలు వెలిగాయి. లొరెట్టా చప్పట్లు కొట్టింది.

తరువాతి వారం ధాన్యపు గోదాము దగ్గర కాఫీ బల్ల చుట్టూ అందరమూ ఉండగా లీలండ్ వచ్చాడు.

“మా ఆవిడా నేనూ పెళ్ళైన రోజున ఎక్కిన బండి అది. షెడ్డులోకి లాగి బాగుచేద్దామని గాలి కూడా కొట్టించా. ఈలోపల ఎవడో వైర్లు కోసి స్విచ్చి పీక్కుపోయాడు,” అన్నాడు.

“తలుపు తడితే స్క్రూడ్రైవర్ కూడా ఇచ్చేవాడివి కదయ్యా,” అన్నారొకరు.

“స్క్రూడ్రైవరేంటి, మా ఆవిడ అన్నం పెట్టి మరీ పంపేది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“ఊళ్ళో చెట్ల వరుసలన్నీ వాసన పట్టుకు తిరిగేది ఒక్కడేగా,” అని గోదాము గుమాస్తా మెర్ల్ వైపు చూశాడు.

మెర్ల్ కప్పు కింద పెట్టాడు. “అడక్కుండా నేను బోల్టు కూడా ముట్టను. మాస్టారూ, మీరు చెప్పండి. నా సంగతి మీకు తెలుసుగా.”

“నేను చూడని విషయమును గురించి ఏమని చెప్పగలను?” అన్నాను, కాఫీ కలుపుతూ. ఆ వాక్యంలో దోషం ఒక్కటీ లేదు, అక్కయ్యా. అందుకే అది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఆ వారంలోనే మెర్ల్ రాకుండా ఊరి పొలాల గేట్లకు గొలుసులు పడ్డాయి. అతని లారీ ఖాళీగా తిరగడం నా కిటికీలోంచి చూశాను.

చివరకు స్విచ్చి విప్పి లీలండ్ ఇంటికి తీసుకువెళ్ళాను. అతడు నన్ను లోపలికి రమ్మనలేదు. వరండాలోనే దానిని అటూ ఇటూ త్రిప్పి చూసి, “నాకు చెప్తే నా స్విచ్చి నాకొస్తుంది. మెర్ల్‌కేం వస్తుంది? వాణ్ణి అన్నచోటే చెప్పండి,” అన్నాడు.

శుక్రవారం ఆ కాఫీ బల్ల దగ్గరే చెప్పాను. జీవితమంతా నలుగురి ముందు నిలబడి మాట్లాడినవాడిని. ఆ రోజు స్విచ్చి తీసినది మెర్ల్ కాదు, నేనేనని చెప్పడానికి మాటలు వెతుక్కున్నాను. ఎవరూ నవ్వలేదు.

“దొంగతనం సంగతి వదిలెయ్యండి మాస్టారూ,” అన్నాడు మెర్ల్. “ఆ రోజు నేను మీ మొహంలోకి చూశా. మీరు కప్పులోకి చూశారు.” టోపీ తీసుకొని వెళ్ళిపోయాడు. గేట్ల గొలుసులు ఊడాయి. నాతో అతడు మాట్లాడడం లేదు.

నాన్నగారి బండి ఇప్పుడు పగటి పూటే తిరగగలదు. జూలైలో స్వాతంత్ర్య దినపు ఊరేగింపులో ఆ బండిలో నా పక్కన కూర్చుంటానన్నావు. అప్పటికి ఈ కథ ప్రతి ఇంటికీ చేరి ఉంటుంది. నీవు రాకపోయినా నిన్ను తప్పుపట్టను. నీ ఉత్తరంలో నన్ను నాన్నగారి పోలిక అని వ్రాసిన ఆ వాక్యాన్ని మాత్రం కొట్టివేసినట్టు భావిస్తాను.

రేపు సోమవారం. పశువుల దాణా అయిపోయింది, గోదాముకు వెళ్ళక తప్పదు. కాఫీ బల్ల పక్కనుండి గాని లోపలికి దారి లేదు. లొరెట్టా తాను వెళ్తానంటున్నది, వద్దన్నాను.

ఇట్లు,
నీ ముందు తలవంచుకొన్న
తమ్ముడు ఆర్విల్