ముక్కెత్తిన జీపు

సత్యవేడు, మే 4

హరినాథ్‌కు మునస్వామి రాయునది. ఆశీస్సులు ప్రస్తుతానికి ఆపి ఉంచాను.

ఫోన్ చేస్తే ‘షెడ్డులో చప్పుడన్నా, వినపడలేదు’ అంటావు. అందుకే రిజిస్టర్ పోస్టు. నడుము నొప్పితో ఉన్న మా అమ్మ ఆదిలక్ష్మమ్మ గుట్ట మీది మామిడితోటకు కుదుపు లేకుండా పోవాలనే కదా, నీ దగ్గరికి జీపు తెచ్చింది! ముందు ఇరుసు మీది కమాను పట్టీలు పీకి కాయిల్ స్ప్రింగులు వేశావు. ఇప్పుడు దాని ముక్కు ఆకాశంలో ఉంది. శ్రీహరికోటకు తోలుకుపోతే వాళ్ళే పైకి వదిలేస్తారు. కొత్త స్ప్రింగులు కదా అని ఎవరినీ ఎక్కనివ్వకుండా అమ్మనొక్కదాన్నే కూర్చోబెట్టాను. మొదటి గుంతకే ఎగిరిపడి, "దీంట్లో కూసోడం కన్నా నడిసిపోతా" అని దిగిపోయింది. కాయలు కోతకొచ్చాయి. ఏటా మొదటి కాయ ఆమే కోస్తుంది. ఆమె లేకుండా నేను కోత పెట్టను.

నీ మీద మండిపడుతున్న,
మునస్వామి

తా.క.: హెడ్‌లైట్లు కొబ్బరిచెట్ల మీద పడుతున్నాయి. కాకులు కూడా నిన్నే తిడుతున్నాయి.

తిరుపతి, మే 9

మునస్వామి అన్నకు నమస్కారం. కోపం నాకూ ఉంది కనుక ఒక్క నమస్కారమే.

కమాను పట్టీ బరువూ మోస్తుంది, ఇరుసునూ పట్టుకుంటుంది. కాయిల్ బరువు మాత్రమే మోస్తుంది. అందుకని ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా రెండు ఆర్ములు, పక్కకు పోకుండా అడ్డంగా ఒక రాడ్డు కట్టాను. వారం రోజులు వేళకు తిండి లేదు. స్ప్రింగు గట్టిదనం మాత్రం నువ్విచ్చిన తూకం చీటీ చూసి లెక్కేశాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా మీద ముందు చక్రాలు పెట్టి తూచుకొచ్చింది నువ్వే. తొమ్మిది వందల యాభై కిలోలు! ఖాళీ జీపుకు ఆరు వందలు దాటదు. ఏం పెట్టి తూచావన్నా?

హరినాథ్

తా.క.: చీటీ చూసినప్పుడే అనుమానం వచ్చింది. నువ్వు అబద్ధమాడవని ఊరుకున్నాను.

సత్యవేడు, మే 13

హరినాథ్‌కు,

‘రోజూ ఎట్లా తిరుగుతుందో అట్లాగే తూచుకుని రాన్నా’ అన్నది నువ్వు. అట్లాగే తూచాను! బంపరు మీద మా ఊరి చిన్నబ్బ, వెంకటముని. బానెట్ మీద మునిరామయ్య, ఆయన తమ్ముళ్ళిద్దరు. మునిరామయ్య తలగుడ్డ తీయబోతే కూడా వద్దన్నాను, లెక్క తప్పుతుందని.

ఇప్పుడు నా అవమానం విను. వాళ్ళైదుగురూ ఎక్కితే ముక్కు దిగి జీపు మెత్తగా పోతోంది. అది వాళ్ళకు తెలిసిపోయింది. "మేం దిగితే అమ్మ నడుము ఇరిగిపోతాది సూడప్పా, ముందు టిఫిను పెట్టించు" అంటున్నారు. నా జీపు ఎక్కడానికి నేనే దోసెలు పోయించాలా? ఈ బేరానికి లొంగి తోటకు పోను. వెంటనే మెత్త స్ప్రింగులు పంపు.

మునస్వామి

తా.క.: మునిరామయ్యకు కారం దోసె కావాలట.

తిరుపతి, మే 17

మునస్వామి అన్నకు,

ఆరు వందల కిలోలకు సరిపడేవి బస్సులో పంపాను. గట్టివి తిప్పి పంపు. ఇక బానెట్ మీద ఒక్క మనిషి ఎక్కినా నాకు సంబంధం లేదు.

హరినాథ్

తా.క.: మనుషులు సీట్లలో కూర్చుంటారనుకోవడం నా తప్పే.

సత్యవేడు, మే 23

చిరంజీవి హరినాథ్‌కు, ఆపిన ఆశీస్సులు కూడా కలిపి.

మెత్త స్ప్రింగులు బిగించాం. జీపు సమంగా నిలబడింది. అమ్మ ఎక్కి, "ఇప్పుడు బాగుండాది రా" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఊరు దాటగానే చిన్నబ్బ నడుస్తూ కనిపించాడు. హారను కొట్టి దర్జాగా దాటబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆపరా! మనిషి ఎండలో నడస్తా ఉంటే మనం యాడికి పోయేది? ఎక్కు చిన్నబ్బా, ఆడ బంపరు మీద నీ చోటు నీకే ఉండాది."

తర్వాత వెంకటముని. ఆ తర్వాత మునిరామయ్య, తమ్ముళ్ళు. నీకు రాయనిది ఇదే: ఇన్నేళ్ళూ బానెట్ నింపింది నేను కాదు, మా అమ్మ. గుట్ట ఎక్కేసరికి నీ స్ప్రింగులు కుంగిపోయి మడ్‌గార్డు టైరుకు రాసుకుంది. అయినా మొదటి కాయ అమ్మే కోసింది. ముక్కలు బానెట్ వాళ్ళకు, టెంక నాకు.

గట్టివే మళ్ళీ బిగిస్తున్నాను. మెత్తవి తిరుగు బస్సులో వస్తాయి.

కోపం తీరిన,
మునస్వామి

తా.క.: బానెట్ మీద పట్టుకోవడానికి కమ్మీ వేయాలని అమ్మ చెప్పమంది. ఆరుగురికి లెక్కేయి. కాయలు తినడానికి నిన్నూ రమ్మంది, సీట్లో చోటు లేదు.