గరిటె కాడల హారం

ఉదయగిరి, 9 ఫిబ్రవరి 1983, బుధవారం

పక్కింటి ఖాదర్ కూతురు షమీమ్ విరిగిన కొయ్య గరిటెల కాడలు కోసి, అరచేతి వెడల్పు హారం కట్టింది. రేపు అది నెల్లూరు ఎగ్జిబిషన్‌కు పోతుందట. మధ్యాహ్నం చూడగానే ఆ కాడల మీద చెక్కిన తీగల పని మా ఇంటిదని తెలిసిపోయింది. ఏళ్ల తరబడి మా చెత్తకుప్పలో ఏరుకున్నవే అవి. అంత బాగున్నాయి కనుక నావేననుకున్నాను.

"నేను చెక్కినదానికి నీ పేరు పెట్టుకుంటావా?" అని షమీమ్‌ను అడిగాను.

ఖాదర్ నవ్వాడు. "పొయ్యిలోకని పారేసినోడివి, ఇప్పుడొచ్చి నాదంటావేందిరా?"

షమీమ్ మాత్రం, "దానికేముండాది చాచా, చెక్కింది నువ్వనే రాస్తా" అని హారంతో పంపే అట్ట మీద నా పేరు రాసింది.

అప్పుడు హారం చేతిలోకి తీసుకున్నాను. ఉలి గాట్లన్నీ కుడికి వాలి ఉన్నాయి. నావి ఎడమకు వాలుతాయి. మా ఇంట్లో ఎడమచేత్తో చెక్కింది తమ్ముడు మహబూబ్ ఒక్కడే. పనికిరావని వాడి గరిటెల్ని వాడి కళ్లముందే విరిచి పారేసింది నేను. రెండేళ్లుగా వాడు ఆత్మకూరులో, కలప అడితిలో దుంగలు మోస్తున్నాడు.

హారం షమీమ్ చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాను.

ముప్పయ్యేళ్లుగా ఈ డైరీలో ఊరందరి తప్పులూ రాశాను. హారం పొద్దున ఆరు గంటల బస్సుకు పోతుంది. ఆలోపు ఖాదర్ ముందు నిలబడి ఆ పేరు కొట్టేయమనాలి. ఇన్ని పుస్తకాలు చదివాను, ఆ ఒక్క మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు...