పండుకున్న మగమనిషి బొమ్మ

మార్చి 4
హైదరాబాద్ నుంచి గ్యాలరీ సార్ ఫోన్. ఆడ ఆర్టిస్టుల బొమ్మలే పెట్టి ఒక ప్రదర్శన చేస్తాడట. నాదీ ఒకటి కావాలట. ఎగిరి గంతేశాను — వంటింట్లో, ఎవరూ చూడకుండా. ఆ తర్వాత అసలు మాట... "మీ స్టైల్లనే మేడమ్. పెద్ద బొట్టు, నడుం మీద కుండ, పక్కన మేకపిల్ల." బోధన్ బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేరినప్పటి నుంచి ఇవే గీస్తున్నా. మా ఇంట్లో నీళ్లు మోటార్‌తో వస్తాయి. కుండ ఎత్తుకోవడం నాకు చేతకాదు కూడా.

ఈసారి మగవాణ్ని గీస్తానన్నాను. "మగోన్నా? మగోని బొమ్మ గోడకు ఎవరు పెట్టుకుంటరు మేడమ్?" అని నవ్వాడు. నెలాఖరుకు బండి పంపుతాడట. అప్పటికి మగవాడు తయారు కాకపోతే అటక మీదున్న కుండ బొమ్మే పోతుంది. పోనివ్వను.

మార్చి 6
కదలకుండా కూర్చునే మగవాడు కావాలి. ఎక్కడున్నాడో.

మార్చి 9
బడిలో ఆటల సార్‌ని అడిగాను. "మా ఇంట్ల అడిగి చెప్త మేడం." చెప్పాడు. "వద్దన్నది."

ఇస్త్రీ బండి ఎల్లయ్య ఒప్పుకున్నాడు, కానీ భార్యను వెంటబెట్టుకొచ్చాడు. నేను అతన్ని చూస్తుంటే ఆమె నన్ను చూస్తూ కూర్చుంది. పెన్సిలు ముక్కు దాకా వచ్చేసరికి ఎల్లయ్యకు ఒళ్లంతా చెమట. "గట్ల సూడకు మేడం, సిగ్గయితుంది" అని లేచాడు. బస్టాండులో వచ్చే పోయే ఆడవాళ్లను మెడ తిప్పి మరీ చూసే ఊరు ఇది. తమ వంతు వస్తే కాసేపు కూర్చోలేరు. నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

మార్చి 12
ఇక ఇంటి మనిషే దిక్కు. ఈయన్ని అడిగితే "నేనా? దుకాణం ఎవరు సూస్తరు?" అన్నాడు. ఎరువుల దుకాణం ఈయన లేకపోతే ఒక గంటలో మునిగిపోతుంది మరి. అయినా ఇవాళ కూర్చున్నాడు. మీసానికి రంగు, ఫుల్ చేతుల చొక్కా, జేబులో పెన్ను. ఊపిరి బిగబట్టి. గీస్తే ఆధార్ కార్డు మీది మొహం వచ్చింది. చింపేశాను.

మార్చి 14
దొరికాడు!

నిజాంసాగర్ కాలువ నీళ్లు వదిలారు. రైతులంతా యూరియా కోసం దుకాణం మీద పడ్డారు. మధ్యాహ్నం ఈయన అలిసిపోయి వచ్చి, తిని, హాల్లో చాప మీద ఒరిగాడు. చొక్కా విప్పేసి. ఒంటి మీద చిరిగిన బనీను, గోడకు ఒక కాలు, తెరిచిన నోరు, లేస్తూ పడుతూ కడుపు. తలుపు పక్కన నిలబడి చాలాసేపు చూశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మనిషిని ఇంత తీరిగ్గా చూడలేదు. ఎంత ముద్దొచ్చాడో. మెల్లగా పెన్సిలు తెచ్చుకున్నాను.

మార్చి 16
ఒంటిపూట బడులు మొదలయ్యాయి, మధ్యాహ్నాలు ఇంట్లోనే. అత్తమ్మకు తెలిసిపోయింది. గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ అంతా చూస్తోంది. తిడుతుందనుకున్నా. ఇంతలో పక్కింటి సాయన్న "రాజన్నా..." అని కేకేసుకుంటూ వచ్చాడు. అత్తమ్మ చేయి అడ్డం పెట్టి — "లేడు, దుకాణంకు పోయిండు. నడువ్." ఈయన గురక వీధి దాకా వినిపిస్తోంది.

మార్చి 17
అత్తమ్మ పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, "ముద్దపప్పు వండు. నెయ్యి జర ఎక్కువెయ్యి. సల్ల గూడ పొయ్యి. మత్తుగ పంటడు."

మార్చి 19
ముద్దపప్పే.

మార్చి 21
ముద్దపప్పు. "ఏం సంగతే, రోజు గిదేనా?" అన్నాడు ఈయన. తిన్నాడు. పండుకున్నాడు. అత్తమ్మ దగ్గితే ఈయన లేస్తున్నట్టు లెక్క, నేను బొమ్మ దాచేయాలి.

మార్చి 25
అయిపోయింది. ఈయన కడుపు గీయడం ఒక్కటే చాలా సతాయించింది. నా చేతి మీదుగా ఇంత మంచి బొమ్మ ఎప్పుడూ రాలేదు. ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే.

మార్చి 27
ఈయన బీరువా వెనక గొడుగు కోసం చెయ్యి పెట్టాడు. బొమ్మ దొరికింది.

కిటికీ దగ్గరికి తెచ్చి వెలుగులో పెట్టి చూశాడు. తర్వాత — "బనీను చిరుగుడు గూడ ఏసినవా?" ఇంకాసేపటికి — "హైదరాబాద్ల అందరు సూస్తరా? నా ఇజ్జత్ ఏం గావాలె?" ఎవరు గుర్తుపడతారండీ అన్నాను. "నా కడుపు నాకెరుక లేదా?"

అత్తమ్మ గడపలోంచే అందుకుంది. "ఇంట్ల పగటిపూట పండేది నువ్వొక్కనివే. ఇంకెవ్వల్ని గియ్యాలెరా? నేను పంటె బీడీలెవ్వరు చెయ్యాలె, గామె పంటె వంటెవ్వరు చెయ్యాలె?"

అలిగి దుకాణానికి పోయాడు. నిజమే, ఆయన్ని అడగకుండానే గీశాను. మీరు ఊ అనకుండా పంపనని సాయంత్రం చెప్పాను. ఊ అనలేదు.

మార్చి 28
గ్యాలరీ సార్‌కు ఫోటో మాత్రం పంపాను, ఒక్కరే చూడమని. "బాగుంది మేడమ్. పక్కన ఒక కుండ పెట్టరాదు?"

మార్చి 29
ఈయన రాజీకి వచ్చాడు. "మొఖం ఉండనియ్యి. బనీను ఉండనియ్యి. కడుపొక్కటి మళ్ల గియ్యి. రేపు మంచిగ పంట, సూసి దింపు." ఆ కడుపు తీసేస్తే ఇంక ఆ బొమ్మలో ఏముంది? రేపు చూద్దాంలెండి అన్నాను.

మార్చి 30, మధ్యాహ్నం
రేపు పొద్దున్నే బండి వస్తుంది. ఈయన వచ్చాడు. ముద్దపప్పు వద్దన్నాడు, రెండు రొట్టెలు చాలట. తల దువ్వుకున్నాడు. కొత్త బనీను, డబ్బాలోని మడతలు ఇంకా పోలేదు. చాప మీద పండుకున్నాడు. గోడకు అదే కాలు. నోరు గట్టిగా మూశాడు. కడుపు వెన్నుకు అంటుకుపోయింది. కళ్లు మూసుకునే — "ఇగ గియ్యి."

చూస్తూ కూర్చున్నా. ఈ వాలకం నాకు బాగా తెలుసు. అటక మీది బొమ్మలో కుండ ఎత్తుకున్న ఆమెదీ ఇదే. నేను గీసిన వాళ్లందరిదీ ఇదే. సన్నటి నడుం, లోపలికి పోయిన కడుపు, ఎవరో చూస్తున్నారని తెలిసిన మొహం. ఒక్కరినైనా ఊపిరి తీసుకోనిచ్చానా?

"పీల్చురా, సస్తవ్" అంటోంది అత్తమ్మ.

రంగు కలిపి పెట్టాను. బొమ్మ గోడకు ఆనించి ఉంది, అందులో ఈయన హాయిగా నోరు తెరిచి పండుకునే ఉన్నాడు. కుంచె ముట్టలేదు. పెన్సిలు చప్పుడు వినిపిస్తోంది కాబట్టి గీస్తున్నాననే అనుకుంటున్నాడు... రాస్తున్నది ఈ డైరీ. ఈ బిగబట్టిన కడుపును ఫోన్లో ఫోటో తీశాను; నిద్ర పడితే చాలు, అప్పటిదీ ఒకటి తీసి, లేపి రెండూ పక్కపక్కన చూపిస్తా. రెండూ మీరే, ఏ కడుపు పంపమంటారో చెప్పండి అంటా.

"అయిపాయెనా?"

ఇంకా లేదు, కదలకండి అన్నాను.

రెప్పలు బరువుగా వాలుతున్నాయి. కడుపు కొంచెం వదిలాడు... ఇంకొంచెం... లేదు, మళ్లీ పట్టాడు.