ఎర్ర అతుకు గొడుగు

నాన్నకి,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. నువ్వూ, అమ్మా, మొరాయించే ఆ కుట్టుమిషనూ అక్కడ క్షేమమని తలుస్తాను. దానికి బెల్టు మార్పించావా, ఇంకా బుజ్జగించే నడుపుతున్నావా?

నీ ఉత్తరం అందింది. చొక్కాలకి నమూనాలు కత్తిరించుకునే కాగితం మీద రాశావు కాబట్టి, ఎవరిదో చేతి కొలత గీతలు దాటుకుంటూ చదవాల్సి వచ్చింది. చంక దగ్గర నన్ను తిట్టావు, మోచేతి దగ్గర మా ఆఫీసుని తిట్టావు, మణికట్టు దగ్గరికి వచ్చేసరికి మెత్తబడి "వేళకి తిను" అన్నావు. ఫోనులో అయితే ఇవేవీ అనవు. "ఊఁ, అమ్మకిస్తున్నా" అంటావు. అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఫోనులో నేనూ నీ కూతురినే.

అడిగినవాటికి జవాబులు. తింటున్నాను. క్యాంటీను తిండికి రుచి లేదు గానీ వేడి ఉంది. గదిలో నాతోపాటు ఉండే నర్సు బదిలీ అయి వెళ్ళిపోయింది. ఆమె మంచం మీద నా ఉతికిన బట్టలు పడుకునేవి. మడతపెట్టి సర్దేస్తే మంచం మరీ ఖాళీగా కనిపిస్తుందని అలాగే వదిలేసేదాన్ని. బద్ధకం అని అమ్మతో చెప్పు, నమ్ముతుంది.

"డిగ్రీ చదివి టీవీల ముందు కూర్చునే ఉద్యోగమేమిటి, ఊరందరికీ ఉన్న సెలవు నీ ఒక్కదానికే లేదా" అన్నావు. లేదు నాన్నా. సెలవుల ముందు నీ షాపులో బట్టలు గుట్టపడ్డట్టు, సెలవులొస్తే మా రోడ్డు మీద బళ్ళు గుట్టపడతాయి. మొన్న మూడు రోజులు కలిసొచ్చాయి కదా, మధ్యాహ్నానికే మా కంట్రోల్ రూములో గోడ నిండా ఉన్న కెమెరా తెరల్లో ఎక్కడా ఖాళీ రోడ్డు లేదు. వెనక అద్దం మూసుకుపోయేలా సామాను కుక్కిన కార్లు. ముందు సీట్ల మధ్య నిలబడి ఊగుతున్న పిల్లలు. ముందురోజంతా పని చేసి, నిద్ర చాలక, అయినా రాత్రి భోజనానికి అందుకోవాలని ముందు బండి తోక పట్టుకుని పోయేవాళ్ళు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను. "వచ్చేశాం, దగ్గర్లోనే ఉన్నాం" అంటుంటారని ముఖాలు చూసి చెప్పగలను. నిజానికి ఎవరూ దగ్గర్లో ఉండరు.

కానీ అందరూ ఎవరో ఒకరి దగ్గరికి వెళ్తుంటారు. నేను వాళ్ళని ఒక తెరలోంచి పక్క తెరలోకి సాగనంపుతుంటాను, గుమ్మం దాకా వచ్చి చేయి ఊపే మనిషిలాగా. కాకపోతే వాళ్ళకి ఆ గుమ్మం ఉన్నట్టే తెలియదు.

ఇక నీ కోపం సంగతి. ఉత్తరంలో మూడొంతులు అదే. "ఊరికే గాలి మార్పుకని నేనూ మీ అమ్మా కారేసుకుని బయల్దేరాం. మెయిన్ రోడ్డు పక్కన జాగా చూసి, గొడుగు కట్టుకుని తింటుంటే మీ పెట్రోలింగు వాడొకడు ఈలేసుకుంటూ వచ్చి పశువుల్ని తోలినట్టు తోలాడు. ఆ హడావిడిలో గొడుగు అక్కడే ఉండిపోయింది. మనసు పాడై వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాం. వాడి పేరు కనుక్కో, గొడుగు సంగతి కనుక్కో" అని రాశావు. పైగా, "'లారీలకి కళ్ళుండవు, మీకున్నాయిగా' అన్నాడు! నా మాట తిప్పి నాకే అన్నాడు. ఎవడు నేర్పాడో!" అని కింద గీత కూడా గీశావు.

అతని పేరు చెప్పను. మేమందరం ఈలన్న అంటాం. మాట్లాడేముందు ఈల వేస్తాడు, అంతకుమించి చెడ్డలక్షణం లేదు. ఎవడు నేర్పాడో మాత్రం చెప్తాను. నేనే.

నాన్నా, గాలి మార్పుకి ఎవరూ పరుపు కట్టుకుని వెళ్ళరు. కారు పైన చుట్టి ఉన్న పరుపు చూశాను. దాన్ని కట్టింది మామూలు తాడుతో కాదు, షాపులో మిగిలిన రంగురంగుల పేలికలు పేని చేసిన తాడుతో. లోకంలో అలా కట్టే మనిషి ఒక్కడే. అంతకంటే ముందు, రోడ్డు పక్కన ఇనుప కంచెకి కట్టిన గొడుగు చూశాను. నల్ల గొడుగు, దానికి ఎర్ర అతుకు. చిన్నప్పుడు దాన్ని బడికి తీసుకెళ్ళి చించుకొస్తే, నల్లగుడ్డ లేదని ఎవరిదో జాకెట్టు ముక్క వేసి కుట్టావు. అందరూ నవ్వుతున్నారని ఏడిస్తే, "పోనీలే, ఎంత గుంపులో ఉన్నా నిన్ను దూరంనుంచే పోల్చుకోవచ్చు" అన్నావు. నిజమే. పోల్చుకోవచ్చు.

ఆ రోడ్డు నేనున్న ఊరికి తప్ప ఎక్కడికీ రాదు. ఖాళీ మంచం గురించి అమ్మకి చెప్పానుగా, చెప్పాపెట్టకుండా పరుపుతో సహా దిగి నన్ను ఆశ్చర్యపరచాలనుకున్నారు. అవునా?

మీరు కూర్చున్న ఆ పట్టీ, తెల్లగీతకి అవతలిది, చూడ్డానికి ఖాళీగా మర్యాదగా ఉంటుంది. అది చెడిపోయిన బళ్ళకోసం. నిద్ర ముంచుకొస్తున్న డ్రైవరుకి ఆగి ఉన్న కారు కూడా పోతున్నట్టే కనిపిస్తుంది. దాని వెనకే దారి ఉందనుకుని వచ్చేస్తాడు. సెలవు రోజుల్లో సగం మంది డ్రైవర్లకి నిద్ర బాకీయే. ఈలన్నకి రేడియోలో చెప్పాను.

"చెల్లెమ్మా, మెత్తగా చెప్పనా, గట్టిగా చెప్పనా?" అన్నాడు.

"గట్టిగానే చెప్పన్నా. మెత్తగా చెబితే నిన్నే కూర్చోబెట్టి తినిపిస్తాడాయన."

"నీకెలా తెలుసు?"

"వాలకం చూస్తే తెలియదా!"

అనుకున్నట్టే అయింది. రేడియో తెరిచే ఉంచాడు కాబట్టి అంతా వినిపించింది. "ఎండన పడి వచ్చావు, కాస్త కూర్చో బాబూ" అన్నావు నువ్వు. "ఇదిగో, ఇది తిని చూడు నాయనా" అంది అమ్మ. ఈలన్న కరిగిపోయాడు. "పెద్దాయన పాపం రెండు నిమిషాలంటున్నాడు చెల్లెమ్మా" అని నాతోనే బేరానికి దిగాడు.

అప్పుడు అతనికి ఆ మాట అందించాను. షాపులో నేను చేతులు చాపినప్పుడల్లా నువ్వు కసిరేవాడివి గుర్తుందా: "కత్తెరకి కళ్ళుండవు, నీకున్నాయిగా!" వేరే ఏ మాటకీ నేను చెయ్యి వెనక్కి తీసేదాన్ని కాదు. నీకూ అదే పనిచేస్తుందనుకున్నాను. కత్తెర బదులు లారీ పెట్టాను. అక్షరం మార్చకుండా, అరిచి చెప్పమన్నాను. అతను చెప్పాడు. నీ ముఖం ముడుచుకోవడం తెరలో చూశాను. డబ్బా మూత వెతుక్కుంటున్న అమ్మ ఉన్నట్టుండి ఆగి, తలెత్తి, చుట్టూ కెమెరాలున్న స్తంభాల వైపు చూసింది. తనకి తెలిసిపోయిందేమో. నీతో ఏమైనా అందా?

మీ కారు కదిలి పక్క తెరలోకి పోయింది. ఈలన్న ఇంకో బండి సంగతి చూడ్డానికి వెళ్ళాడు. హమ్మయ్య అనుకునేలోపు నా పక్క బల్ల ఆవిడ "అయ్యయ్యో" అంది. ఒక లారీ తొందరేమీ లేనట్టు, ఎవరో చేయి పట్టి నడిపిస్తున్నట్టు, తెల్లగీత దాటి వచ్చి, మీరు కూర్చున్నచోట కంచెని రాసుకుంటూ పోయి ఆగింది. డ్రైవరుకి దెబ్బలేం తగల్లేదు. దిగాడు. విరిగిన గొడుగు చేతిలోకి తీసుకున్నాడు. గొడుగుంటే దాని కింద మనిషుండాలి కదా నాన్నా. లారీ కిందకి వంగి చూశాడు, కంచె అవతలికి వంగి చూశాడు, మళ్ళీ లారీ కిందకి. ఎవరూ లేరని నమ్మకం కుదిరేసరికి రోడ్డు మీదే కూలబడ్డాడు. వెళ్ళి "లేరయ్యా, వెళ్ళిపోయారు" అని చెప్పాలనిపించింది. నాకు అతని ముఖం కనిపిస్తోంది, అతనికి నేను కనిపించను.

అలవాటైన చేతులు రేడియో అందుకుని చెయ్యాల్సింది చేశాయి. డ్యూటీ దిగి గదికి పరుగెత్తాను. ఊడ్చాను. ఆ మంచం మీద బట్టలు తీసేసి దుప్పటి పరిచాను. ప్రతి కారు చప్పుడుకీ మెట్లు దిగాను. చీకటి పడ్డాక ఉండబట్టలేక అమ్మకి ఫోను చేసి, "ఎక్కడున్నారు?" అన్నాను. "ఇంట్లోనే. ఎక్కడికి పోతామే?" అంది. "అదే, ఊరికే అడిగా" అన్నాను. ఇద్దరం ఎంత బాగా అబద్ధమాడామో చూడు.

ఇంతవరకూ చెప్పడం సులువే. మిగిలిందే కష్టం.

గొడుగు కనబడగానే నేను రేడియో అందుకోలేదు. అక్కడ కూర్చోవడం ఎంత ప్రమాదమో నాకంటే తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు. అయినా కెమెరాలో మిమ్మల్ని దగ్గరికి తెచ్చుకుని చూస్తూ కూర్చున్నాను. అమ్మ డబ్బా విప్పింది. ఎండ పక్కకి జరిగితే నువ్వు లేచి గొడుగు అటు తిప్పి కట్టావు. అమ్మ ఏదో అంటే నవ్వావు. మన ఇంట్లో మధ్యాహ్నం అలాగే ఉంటుంది కదా, నేను లేకపోయినా అలాగే ఉంటుంది కదా అనుకుంటూ, ఇంకొంచెం, ఇంకొంచెం అని చూశాను. నా బల్ల మీద టీ చల్లారిపోయింది. మీ పక్కన మూడో మనిషిలాగా కూర్చున్నాను. ఆ తర్వాత లారీ వచ్చినప్పుడు, నేను చూస్తూ గడిపిన ఆ కాసేపు ఎంతో, మీరు వెళ్ళాక అది రావడానికి పట్టిన కాసేపు ఎంతో లెక్క వేసుకోబోయి, భయమేసి మానేశాను.

అందుకే ఈలన్న మీద ఫిర్యాదు రాయను నాన్నా. రాయాలంటే నా మీద రాయాలి.

గొడుగు అతనే తెచ్చిచ్చాడు. ఊచలన్నీ విరిగాయి, నల్లగుడ్డ పీలికలైంది. ఎర్ర అతుకు మాత్రం ఒక్క కుట్టు కూడా ఊడలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను.

మళ్ళీ రండి. సెలవుల్లో వద్దు, రోడ్డు మీద ఎవరికీ తొందర లేని మామూలు పనిరోజున రండి. ముందురోజు షాపు వేళకి మూసి కంటినిండా నిద్రపో. ఆకలేస్తే బంకులో ఆగండి. నువ్వు నడిపేటప్పుడు ఫోను అమ్మ దగ్గరే ఉండాలి. ముఖ్యంగా, చెప్పి రండి. ఆశ్చర్యం నాకొద్దు. చెబితే ఆ రోజంతా ఎదురుచూసే పని నాకుంటుంది.

మంచం మీద బట్టలు మళ్ళీ వెయ్యలేదు. పరుపు ఈసారి గట్టి తాడుతో కట్టు. పైన మాత్రం ఆ పేలిక ఒకటి చుట్టి ఉంచు. దూరంనుంచే పోల్చుకోవాలి కదా.

ఇట్లు,
నిన్ను కసిరించిన,
కళ్ళున్న నీ కూతురు