నలభై ఒక్క అంశాల అమ్మ

బర్న్లీ,
మార్చి 11

ప్రియమైన లొరైన్ అక్కకు,

నీ ఫోను ఎత్తనందుకు క్షమించు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క వాక్యమూ పూర్తి చేయనివ్వవు. కాగితానికైతే అడ్డు తగలలేవు కనుక రాస్తున్నాను. నీ మేనకోడలు టీగన్‌తో నా ఓపిక నశించింది. అది వినేది నీ మాట ఒక్కటే. ఆదివారంలోగా దానికి ఫోను చేసి, ఒకే ఒక సంతకం పెట్టమని చెప్పు.

వరుసగా చెబుతాను. టీగన్ సిక్స్త్ ఫారంలో, అంటే బడి చివరి రెండేళ్లలో, ఆరోగ్య, సామాజిక సంరక్షణ చదువుతున్నదని నీకు తెలుసు. ఇది రెండో సంవత్సరం. తమకు తెలిసిన ఒక మనిషికి పేరు మార్చి సంరక్షణ ప్రణాళిక రాయమని బడిలో అప్పగించారు. అది మన అమ్మను ఎంచుకుని, ‘మిసెస్ పి’ అని పేరు పెట్టి, రెండు పేజీలు రాసింది. చదివి నిర్ఘాంతపోయాను. మిసెస్ పికి ఆకుపచ్చ స్వెటర్ అంటే అసహ్యమట. వాన పడుతున్నా కిటికీ తెరిచి ఉంచాలట. రక్తపోటు మాత్రల వేళలు లేవు. పక్షవాతం తర్వాత ఈడుస్తూ నడిచే ఎడమ పాదం ప్రస్తావనే లేదు. అవి కబుర్లు, అక్కా, ప్రణాళిక కాదు.

బస్సు డిపోలో విడిభాగాల గిడ్డంగిని ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నవాడిని. అమ్మ నా ఇంటికి వచ్చిన ఈ రెండేళ్లలో గ్రంథాలయం నుంచి పందొమ్మిది వైద్య పుస్తకాలు తెచ్చి చదివాను. శనివారం టీగన్ ఈతకు వెళ్లినప్పుడు కూర్చుని, ఆ రెండు పేజీలను తొలగించి, నలభై ఒక్క అంశాలతో కొత్త ప్రణాళిక రాశాను. దాని కంప్యూటరు తెరిచే ఉండడం వల్ల బడికి పంపించాను కూడా. సోమవారమే వాళ్ల ఉపాధ్యాయురాలు మిసెస్ అఖ్తర్ నుంచి జవాబు వచ్చింది: ‘అసాధారణమైన క్షుణ్ణత. ఈ తరగతిలో ఇంతటి పని చూడలేదు.’

ఇక ‘ఇది పూర్తిగా నా సొంత పని’ అన్న కాగితం మీద టీగన్ సంతకం చేయడమే మిగిలింది. చేయనంటోంది. ఇరవై ఒకటో తేదీలోగా చేయకపోతే ఈ ప్రాజెక్టుకు సున్నా, దానితోపాటు నర్సింగ్ సీటుకు నీళ్లు వదులుకోవడమే.

“పెట్టవే సంతకం. అందులో ఒక్క తప్పుంటే చూపించు” అన్నాను.

“తప్పుల్లేవు నాన్నా. నేనూ లేను. నానమ్మా లేదు.”

“మాత్రలు, పాదం, స్నానం, మెట్లు, అన్నీ ఉన్నాయి కదా!”

“ఉన్నాయి. బస్సుకైతే సరిగ్గా సరిపోతుంది.”

పదిహేడేళ్లకే ఇంత నాలుక! అక్కా, నీకొక్కదానికే ఒక నిజం చెబుతాను. నాన్న పోయిన ఏడు నేను పదహారేళ్లకే బడి మాని డిపోలో చేరాను. అది నా సొంత నిర్ణయమేనని మీ అందరితో అన్నాను. కాదు. నాకు చదువుకోవాలని ఉండేది. ఈ ముప్పై ఏళ్లలో నేను రాసిన దేనికీ ఎవరూ మార్కు వేయలేదు. మిసెస్ అఖ్తర్ రాసిన ఆ రెండు వాక్యాలను నేను పదకొండుసార్లు చదువుకున్నాను. టీగన్ సంతకం చేయకపోతే అవి చెల్లకుండా పోతాయి. అదీ అసలు సంగతి. దానికి మాత్రం ఇది చెప్పకు. సంతకం పెట్టమని చెప్పు, చాలు.

నీ తమ్ముడు,
క్రెయిగ్

బర్న్లీ,
మార్చి 23

లొరైన్ అక్కకు,

నువ్వు ఫోను చేశావు, కానీ దానికి కాదు, నాకు. “ఒరే వెధవా, నువ్వు రాసి పారేసిన దానికి అది సంతకం పెట్టాలా? పోయి టీచరుకి నువ్వే చెప్పుకో!” అని పెట్టేశావు. రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు బడికి వెళ్లి, రాసినది నేనని, పంపినదీ నేనేనని, టీగన్‌కు తెలియదని చెప్పాను.

మిసెస్ అఖ్తర్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “క్రెయిగ్ గారూ, ఈ నలభై ఒక్క అంశాల్లో మీ అమ్మగారిని అడిగి రాసినవి ఎన్ని?” అన్నారు.

టీచరు ముందే వేలు పెట్టి లెక్కపెట్టాను. ఒక్కటీ లేదు.

“మా పిల్లలకి మొదటివారం చెప్పే పాఠమే అదండీ. ముందు మనిషిని అడగాలి” అన్నారు. ఇంటికి వచ్చి నా పందొమ్మిది పుస్తకాలూ తిరగేశాను. ఆ అధ్యాయం ఏడింటిలో ఉంది. పట్టికలు లేవని ఏడింటిలోనూ దాటవేశాను.

నా ప్రణాళిక రద్దయింది. టీగన్ తరగతిగదిలో, మిసెస్ అఖ్తర్ కళ్లెదుట, నాలుగు రోజుల్లో మళ్లీ రాయాలన్నారు. ఆ సాయంత్రం అది నోటు పుస్తకంతో అమ్మ ఎదుట కూర్చుంది. నేను వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతున్నాను.

“నానమ్మా, నీకేం కావాలి?”

“వాడు వింటున్నాడా?”

“చెవులు రిక్కించి మరీ.”

“మంచిది. రాసుకో పిల్లా. వారానికో పూట వాడు ఆ కాగితాలవతల పారేసి, నా పక్కన ఊరికే కూర్చోవాలి. ఈ ఇంట్లో నాకు నౌకరున్నాడు, ఇన్‌స్పెక్టరున్నాడు. కొడుకే కనబడ్డం లేదు.”

నేను కత్తితో సహా గదిలోకి వెళ్లాను. “అమ్మా, దాన్ని అవసరం అనరు. అది కోరిక.”

“నీ నలభై ఒకటీ నీ కోరికలేరా” అంది అమ్మ.

టీగన్ తల ఎత్తకుండా అదీ రాసుకుంది.

ఇరవయ్యో తేదీన అది మూడు పేజీలు ఇచ్చి, సంతకం చేసింది. మొదటి అంశం ఆ వారపు పూట. ‘బాధ్యత: కుమారుడు’ అని రాసి ఉంది. దాని కింద నా అంగీకార సంతకం కూడా తీసుకుంది. పై శ్రేణి రాలేదు, మధ్య శ్రేణి వచ్చింది. నర్సింగ్ సీటుకు అంచున సరిపోతుందని మిసెస్ అఖ్తర్ అన్నారు. ఎడమ పాదం గురించి ఇప్పటికీ ఒకే ఒక్క వాక్యం ఉంది. అడిగితే, “అది నీకు తెలుసుగా నాన్నా” అంటుంది. ఇలాంటి నర్సు చేతిలో రోగుల గతి ఏమిటో నాకు తెలియదు.

ఈ రోజు మొదటి పూట. మూడు గంటలకు వెళ్లి కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. పావుగంటకు, “ఏం మాట్లాడమంటావు?” అని అడిగాను.

“ఏమీ వద్దు. కూర్చో.”

ఇది నెరవేరిందో లేదో దేనితో కొలవాలి? నాలుగు కావస్తుండగా మాత్రల వేళైందని లేవబోయాను. “పిల్ల ఇస్తుందిలే, కూర్చోరా” అని మంచి చేత్తో నా చొక్కా పట్టుకుంది. తర్వాత, తెరిచిన కిటికీలోంచి వాన వంక చూస్తూనే, “డిపోలో మధ్యాహ్నం ఎవరితో తింటావురా?” అని అడిగింది.

“గిడ్డంగిలోనే తింటానమ్మా” అన్నాను, అక్కా. ఆ తర్వాత, ఎవరితోనూ కాదని చెప్పాను.

అప్పటికీ చొక్కా వదల్లేదు అమ్మ.

క్రెయిగ్