పాపాయికి ఇవ్వని మాత్రలు

భీమవరంలో మందుల షాపు నడుపుతున్న కడలి సూర్యకళ అను నేను, అరవై నాలుగేళ్ల వయసులో, తెలివి, జ్ఞాపకం సరిగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసిన వీలునామా. నాకు భర్త, సంతానం లేరు. ఈ తొందరకు కారణం ఉంది. ఈ నెలలో రెండుసార్లు షాపు తాళంలో ఎవరో జిగురు పోశారు. సోమవారం మోటారుసైకిలు మీద వచ్చిన ఒకడు, "ఒక్కరే నడిచి వెళ్తుంటారు కదండి, జాగ్రత్తండి" అని మర్యాదగానే చెప్పి వెళ్లాడు.

1. నా స్వార్జితమైన షాపు గది, అందులోని సరుకు, పన్నెండేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న ఫార్మసిస్టు దుర్గాసాయికి సర్వహక్కులతో చెందవలెను. లైసెన్సు ఆమె తన పేరున తీసుకోవలెను.

2. షాపు నడిచినంతకాలం గర్భనిరోధక మాత్రలు, కండోమ్‌లు కాలేజీ పిల్లలకు, రొయ్యల షెడ్డు ఆడవాళ్లకు కొన్న ధరకే ఇవ్వవలెను. ఆ డబ్బూ లేనివాళ్లకు ఊరికే ఇచ్చి, నా బ్యాంకు డిపాజిట్ వడ్డీతో సర్దుకోవలెను. పెళ్లయిందా అని అడగరాదు.

3. నా తమ్ముడు జగన్నాథరావుకు షాపులో ఏ హక్కూ లేదు. నిరుడు నేను కంటి ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు కౌంటర్లో వాడు కూర్చున్నాడు. దుర్గాసాయి భోజనానికి వెళ్లిన వేళ, రొయ్యలు ఒలిచే పాపాయి అనే ఆమె ఆ మాత్రలకు వచ్చింది. వాడు పూర్తి ధర అడిగాడు. ఆమె దగ్గరున్నది చాలలేదు. పైగా, "మీ ఆయన్ని పంపించు, ఆయనకే ఇస్తాను" అన్నాడట. మూడు నెలలకు ఆమె కడుపు తీయించుకోవడానికి ఓ నాటు వైద్యుడి దగ్గరకు వెళ్లి, రక్తం ఆగక చనిపోయింది. "అంత జరుగుతుందని నాకేం తెలుసక్కా" అన్నాడు వాడు. ఆ రోజు నుంచి వాడిని షాపు మెట్లు ఎక్కనివ్వలేదు. ఊళ్లో ఆడపిల్లల్ని నేను పాడుచేస్తున్నానని అప్పటినుంచి చెప్పుకు తిరుగుతున్నాడు. అమ్మ ఫోటో మాత్రం వాడికే ఇవ్వండి. అమ్మకు వాడంటే ప్రాణం.

4. నా బంగారు గాజులు పాపాయి కూతురికి. పద్దెనిమిదేళ్లు నిండేవరకు అవి ఈ వీలునామా అమలు చేయవలసిన డాక్టర్ ఉమాశ్రీ గారి దగ్గర ఉండవలెను.

5. నా చావు ఎంత మామూలుగా కనిపించినా పోస్టుమార్టం చేయించవలెను. అయినవాళ్లు ఏడ్చి వద్దన్నా ఆగరాదు.

6. దుర్గాసాయీ, భయమేస్తే షాపు అమ్మేసుకో. తప్పు పట్టను. నడపదలుచుకుంటే మాత్రం నేను పోయిన రోజున కూడా షట్టర్ తెరువు. ఆ రోజు ధైర్యం చేసి వచ్చిన పిల్ల మర్నాడు మళ్లీ రాదు.

భీమవరం, 14 నవంబరు 2025
(సంతకం) కడలి సూర్యకళ

మా ఎదుట సంతకం చేశారు:
ఆరోన్, పక్క సెల్‌ఫోన్ షాపు
బుల్లియ్య, రిటైర్డ్ హెడ్‌మాస్టరు