వాసన లేదని రాశాను

జూన్ 3

పదకొండో ట్రేలో కిరసనాయిలు వాసన. రెండోసారి చూస్తే లేదు. మూడోసారి మళ్లీ ఉంది, సన్నగా.

పన్నెండేళ్లుగా ఈ చేపల కంపెనీలో నా పని వాసన చూడటమే. కుళ్లు తెలుసు, అమ్మోనియా తెలుసు, చేప ఐసులో ఎన్ని రోజులుందో చెప్పగలను. ఇది మాత్రం కొత్త. రిజిస్టర్‌లో ‘వాసన ఉంది’ అని రాశాక బోటు నంబరు చూశాను. మా అన్నయ్యది.

జూన్ 4

అన్నయ్య ఫోను. హలో కూడా అనలేదు. తోడబుట్టినదానివై ఉండి నా పొట్ట మీద కొడతావా అన్నాడు. నీ పేరు చూసి రాయలేదు, చేపని చూసి రాశాను అన్నాను. ఇంజన్ డీజిల్ చిందుంటుందిలే అన్నాడు. అయితే ఇంజన్ బాగుచేయించుకో అన్నాను. పెట్టేశాడు.

ఆ తర్వాత గుర్తొచ్చింది. కొత్త ఇంజన్ వేయించి రెండు నెలలు కూడా కాలేదు.

జూన్ 7

మా ఆయన దిగాడు. పద్నాలుగు రోజులు సముద్రంలో డ్రిల్లింగ్ ప్లాట్‌ఫాం మీద, పద్నాలుగు రోజులు ఇంట్లో. ఈ ఉద్యోగం వచ్చి ఐదు నెలలైంది. ఆ ప్లాట్‌ఫాం మా డాబా మీంచి కనిపిస్తుంది. ఆయన రాగానే నా మొదటి పని చమురంటిన డ్యూటీ ఓవరాల్స్ నానబెట్టడం.

లీకేమైనా ఉందా అని అడిగాను. లేదు అన్నాడు. అన్నం తిన్నాక, లీకు కాదు, ఒక వాల్వుకి చెమట పడుతోంది అంతే అన్నాడు. వాళ్ల సూపర్‌వైజర్ అదే మాట వాడమన్నాడట. మరి తుడుస్తున్నారా అన్నాను. తుడుస్తూనే ఉన్నాం అన్నాడు. నవ్వొచ్చింది. కాసేపటికి ఎందుకు నవ్వానో అర్థం కాలేదు.

జూన్ 9

నిన్న ఐదు ట్రేల్లో అదే వాసన. ఇవాళ ఎనిమిది, రకరకాల బోట్లవి.

వరుసగా మూడు రోజులు ‘వాసన ఉంది’ అని రాస్తే హార్బర్ ఆఫీసు చేపల వేట ఆపేస్తుంది. డ్రిల్లింగ్ మీద కూడా విచారణ వేస్తుంది. రేపు మూడో రోజు.

ఎంత పర్సెంట్ ష్యూరమ్మా అని మేనేజరు అడిగాడు. ల్యాబ్ రిపోర్టుకి నెల పడుతుందట. అందాకా నీ ముక్కే మాకు ల్యాబ్ అన్నాడు. కోసి కవర్లో పెట్టి ఇవ్వమంటారా అని నోటిదాకా వచ్చింది.

రాస్తే బోటు అమ్ముకోవాలి అంటాడు అన్నయ్య. రాస్తే ముందు ఇంటికి పంపేది మా బ్యాచ్‌నే అంటాడు మా ఆయన. పెళ్లయిన పదిహేనేళ్లలో పుట్టిల్లూ అత్తిల్లూ ఒక్క మాట మీదికి రావడం ఇదే మొదటిసారి.

జూన్ 10, ఉదయం 6

సబ్బు లేకుండా స్నానం. కాఫీ లేదు, పౌడరు లేదు. డ్యూటీ రోజుల్లో ఎప్పుడూ అంతే. ముక్కుకి జీతమిస్తారని ముందే తెలిస్తే నేనూ చేరేదాన్ని కదే అని అత్తయ్య అన్నారు. భయంగా ఉంది.

సాయంత్రం

వాసన రాలేదు. అరవై ట్రేలు, ఒక్కదాంట్లో కూడా రాలేదు. రెండేసిసార్లు చూశాను. అబద్ధం రాయలేదు. నిజంగానే రాలేదు.

ఏడుపొచ్చినంత సంతోషం.

జూన్ 13

ఇవాళా లేదు. సముద్రం తనంతట తనే బాగుపడుతుందా? పడుతుందనుకుంటాను. నాకేం తెలుసు.

జూన్ 19

అన్నయ్య ఇంటికొచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. వలలు జిడ్డుగా వస్తున్నాయి, ఒడ్డున నల్లటి ముద్దలు తేలుతున్నాయి, నువ్వేంటి రోజూ వాసన లేదని రాస్తున్నావు అన్నాడు. నాకోసం రాస్తున్నావా అని అడిగాడు. మా పిల్లలు కూడా అవే తింటున్నారే అన్నాడు. నేను అబద్ధం రాయలేదన్నాను. చేతులు చాచి, చూడు, సబ్బుతో నాలుగుసార్లు కడిగినా పోవట్లేదు అన్నాడు.

చూశాను. చేప వాసన. తడి తాడు వాసన. ఇంకేమీ లేదు.

వాడి మొహం చూసి, ఆ, ఉంది అన్నాను. నా అన్నకి ఆడిన మొదటి అబద్ధం.

జూన్ 20

ప్యాకింగ్ అక్కని పక్కకి పిలిచి మూడు గిన్నెల్లో నీళ్లు పెట్టమన్నాను. నాకు చెప్పకుండా ఒకదాంట్లో నాలుగు చుక్కల డీజిల్ వెయ్యమన్నాను. మొదటిది అన్నాను. కాదు. మూడోది అన్నాను. అదీ కాదు. అక్క ముందు నవ్వింది, నేను ఆట పట్టిస్తున్నాననుకుని. తర్వాత నవ్వు ఆపేసి గిన్నెలు కడిగేసింది.

ఇంటికొచ్చి, ఆయన సంచి అడుగున ఉతకకుండా మిగిలిపోయిన ఓవరాల్ మొహానికి అదుముకున్నాను. ఏమీ లేదు. వట్టి గుడ్డ. ఐదు నెలలుగా వీటి చమురు వాసన పీలుస్తూ చేత్తో ఉతుకుతున్నాను, బాత్‌రూమ్ తలుపు వెనక ఆరేస్తున్నాను. సెంటు వాడకు, ఉల్లిపాయ తినకు అన్న కంపెనీవాళ్లు మీ ఆయన ఏం పని చేస్తాడమ్మా అని ఒక్కరూ అడగలేదు. నాకైనా తట్టలేదు, అదీ నా తెలివి.

ఎప్పుడు పోయింది? పదో తారీఖునా? ముందు తగ్గుతూ వచ్చి ఆ రోజు పూర్తిగా పోయిందా? లేక ఆ ఒక్క రోజు నిజంగానే వాసన లేదా? రాకూడదని అంతలా కోరుకున్నాను కదా, అందుకే రాలేదా? ఎటు నుంచి లెక్క వేసినా తెగడం లేదు.

జూన్ 22

పదో తారీఖు నుంచి నేను ఓకే చేసినవేవీ నమ్మకండి అని కాగితం రాసి ఇచ్చాను. మేనేజరు రెండుసార్లు చదివాడు. ఉంది అని రాస్తే ఆపుతాం, లేదు అని రాస్తే పంపుతాం, తెలీదు అని రాయడానికి ఫారంలో గడి లేదమ్మా అన్నాడు. రెండు కంటైనర్లు ఓడెక్కేశాయట. మిగతాది ఊళ్లోనే అమ్ముడుపోయింది.

ఆ కాగితమే తీసుకుని హార్బర్ ఆఫీసుకి నడిచాను.

జూన్ 25

వేట ఆపేశారు. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ప్యాకింగ్ వాళ్లని రావద్దన్నారు, నన్ను కూడా. డ్రిల్లింగ్ మాత్రం నడుస్తోంది. విచారణకి కమిటీ వెయ్యాలట. మా ఆయన రెండు రోజులు ఆలస్యంగా, ఇరవై మూడున మళ్లీ ఎక్కాడు, వెళ్లేటప్పుడు నాతో మాట్లాడలేదు. అన్నయ్యా మాట్లాడలేదు, కానీ తిట్టలేదు కూడా.

జూన్ 28

ఫ్రీజర్‌లో పన్నెండో తారీఖున కొన్న చేప ముక్కలున్నాయి. నేను ఓకే చేసినవే. పారెయ్యాలి. వండాను. మూత తియ్యగానే అత్తయ్య కిరసనాయిలు కంపంటూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వెళ్లిపోయారు.

నేను ఒక ముక్క తిన్నాను.

చాలా బాగుంది.